ఒక్క దెబ్బకి ముప్ఫై ఒకటి

అల్వాల్‌లో రామకృష్ణగారి ఇంట్లో ఆ ఆదివారం సాయంత్రం భోజనాల బల్ల మీద గళ్ల కాగితం పరిచి ఉంది. దాని మీద రంగురంగుల పాచికలు, వేలెడంత బొమ్మలు. నాలుగు కుర్చీల్లో ఒకటి ఖాళీ. ఆ కుర్చీ కోసమే దుర్గేష్ రాంగోపాల్‌పేట్ నుంచి బండి మీద వచ్చాడు.

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్రని తయారుచేసుకుని, అడవులూ గుహలూ తిరుగుతూ రాక్షసులతో తలపడతారు. దెబ్బ తగిలిందో లేదో పాచిక చెబుతుంది.

దుర్గేష్ రెండేళ్లుగా ఈ ఆట పుస్తకాలు బట్టీపట్టాడు. ఆడింది మాత్రం లేదు, తోడు ఆడేవాళ్లు దొరక్క. ఆ పుస్తకాలు కనబడితేనే మండిపడే వాళ్లమ్మ చివరికి ఎవరెవరినో అడిగి ఈ ఇల్లు కనిపెట్టింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లమంది. ఇంతకుముందు ముగ్గురు వచ్చారట, ముగ్గురూ నచ్చలేదట. ఆ మాట విన్న దగ్గర్నుంచి దుర్గేష్‌కి బెంగ పట్టుకుంది. ఈ కుర్చీ కూడా పోతే మళ్లీ గదిలో ఒంటరిగా లెక్కలు వేసుకోవాల్సిందే.

అందుకే వారం రోజులు కూర్చుని, కొత్తగా ఆటలోకి దిగే పాత్ర ఒక్క దెబ్బకి మహా అయితే ఎంత గట్టిగా కొట్టగలదో తేల్చాడు. ముప్ఫై ఒకటి. పాత్రకి ఇచ్చే పాయింట్లని ఆరు గుణాలకి పంచుకోవాలి. అతను తెలివికి కోత పెట్టి, వివేకానికి కోత పెట్టి, నలుగురితో మెలిగే నేర్పుకి పూర్తిగా ఎగ్గొట్టి, మిగిలిందంతా బలంలో పోశాడు. చేతికి గండ్రగొడ్డలి ఇచ్చాడు. డాలు దండగనుకున్నాడు.

కథ నడిపేది రామకృష్ణగారే. ఆయన భార్య కామేశ్వరమ్మది విల్లు పట్టిన వేటగత్తె పాత్ర. వాళ్లమ్మాయి యామినిది గాయాలు మాన్పే వైద్యురాలి పాత్ర. ముగ్గురూ దుర్గేష్ తెచ్చిన కాగితం మీదకి వంగారు.

"ఇతనికి అమ్మానాన్నా ఉన్నారా బాబూ?" అని అడిగింది కామేశ్వరమ్మ.

"లేరాంటీ, అనాథ అని రాసిన. పేరెంట్స్‌కి పాయింట్స్ రావు."

ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకుని, మరి కొట్టడం కాక ఇతనికి ఇంకేం వచ్చని అడిగారు. ఇంకేం రానక్కర్లేదని దుర్గేష్ లెక్కలతో సహా వివరించాడు. పావుగంట పట్టింది. ప్లేట్లో పునుగులు చల్లారిపోయాయి.

ఆట మొదలైంది. గుహలో రాక్షసుడు ఎదురయ్యాడు. వాడి మొదటి దెబ్బకే యామిని వైద్యురాలు నేలకొరిగింది.

"నా ప్రాణం పోతోంది. మీ సంచీలో మందుంది కదా, కాస్త పోస్తారా?" అంది యామిని.

దుర్గేష్‌కి పాపమనిపించింది. అయినా లెక్క లెక్కే.

"మందు పోస్తే ఒక టర్న్ వేస్ట్ అయితదండీ. ముందు వీణ్ని కొట్టేస్తా, జెర ఆగండి."

ఇరవై ముఖాల పాచిక విసిరాడు. ఇరవై పడింది. ఇరవై పడితే గొడ్డలి దెబ్బ రెట్టింపు. దెబ్బ ఎంతో చెప్పే రెండో పాచిక కూడా కలిసొచ్చింది. దానికి బలం పాయింట్లు కూడా కలిపితే ముప్ఫై ఒకటి. రామకృష్ణగారు మూడు ఆదివారాలకి సరిపడా తయారుచేసుకున్న రాక్షసుడు పునుగులు అయిపోకముందే చచ్చాడు. ఆయన ఆ బొమ్మని తీసి పక్కన పడుకోబెట్టారు.

ఆ తర్వాత దుర్గేష్ మందు తీశాడు. అప్పటికే వైద్యురాలు పోయింది.

వెళ్లేటప్పుడు రామకృష్ణగారు గేటు దాకా వచ్చి, అందరం మాట్లాడుకుని కబురు చేస్తామన్నారు. కుర్చీ తనదేనని దుర్గేష్‌కి నమ్మకం కుదిరింది. బతుకులో మొదటిసారి తన లెక్క నలుగురి ముందు నెగ్గింది. ఆ సంతోషంలో దారి పొడుగునా హెల్మెట్‌లో నవ్వుకుంటూనే పోయాడు.

లోపల కామేశ్వరమ్మ కప్పులు తీస్తోంది. రామకృష్ణగారు పాచికలు డబ్బాలో సర్దుతూ, ఏమంటావని కూతుర్ని అడిగారు.

"ఆటకి వారం వారం రమ్మను నాన్నా, భలే కొడుతున్నాడు, సంబంధం మాత్రం ఇంకొకటి చూడండి," అంది యామిని.