చెవిలో చెప్పే మాట

ఫోన్ లేని పేషెంట్లకి రత్నం సిస్టర్ పరీక్షల ఫారంలో తన నంబరే రాయిస్తుంది. రిపోర్టు తన ఫోన్‌కి వస్తే, ఆ మనిషిని పక్కకి పిలిచి చెవిలో చెబుతుంది. గోండు పల్లెల్లోనూ రైల్వే క్వార్టర్లలోనూ ఆమె మీద అదే నమ్మకం.

చీకటి పడింది. డిస్పెన్సరీలో రత్నం ఒక్కతే ఉంది. గురమ్మ రక్తపరీక్ష రిపోర్టు వచ్చిందేమోనని ఫోన్ తీసింది. వచ్చింది. కానీ ఎవరో అప్పటికే తెరిచి చదివినట్టుంది. పొద్దున్నుంచీ ఫోన్ ఆమె కోటు జేబులోంచి కదల్లేదు.

కిరండూల్ గనుల నుంచి ఇనుప ఖనిజం గూడ్సు దడదడమంటూ పోయింది. ఆ చప్పుడు ఆగగానే ఎవరో తలుపు తట్టారు.

గురమ్మ అత్త దేవుడమ్మ. ఏడుస్తోంది.

"మావోడు దాన్ని ఇంట్లోంచి గెంటేసినాడమ్మా. ఆ జబ్బు మాట క్వార్టర్ల లైనంతా తెలిసిపోనాది."

"ఎవరు చెప్పారు?"

"అదేటమ్మా అలాగంతావు? ఇందాక నువ్వే కదా ఇంటింటికీ ఫోన్ చేసి చెప్పినావు. పక్కింటోల ఫోన్లో నేనూ ఇన్నాను, నీ గొంతు నాకు తెల్దా?"

రత్నం చేతిలో ఫోన్ మోగింది. తెర మీద తన నంబరే ఉంది. ఎత్తింది.

అవతల తన గొంతే, చెవిలో చెప్పినట్టు మెల్లగా అడిగింది.

"సిస్టర్, మీ రిపోర్టు కూడా వచ్చింది. ముందు ఎవరికి చెప్పమంటారు?"