ఫెన్నా గోకుళ్ళ పట్టిక

సోమవారం పొద్దున షూర్డ్ మాస్టారు ఐదో తరగతికి రెండు కబుర్లు చెప్పారు. ఒకటి సంతోషంది, రెండోది దురదది.

“ఇది లెక్కల వారం. ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి ఎంచుకుని ఐదు రోజులు లెక్కపెట్టండి. శుక్రవారం పట్టిక గీసి గోడకి అంటిద్దాం. ఆ రాత్రి మనందరికీ బడిలోనే పడక!”

ఇరవై మందీ బల్లలు బాదేశారు.

“ఇక రెండోది. సెలవులు అయిపోయాయి కాబట్టి లీడా గారు తలలు చూస్తారు. పేలున్నవాళ్ళకి పడక లేదు.”

మాస్టారికేం, నున్నటి గుండు. ఎన్నయినా చెబుతారు.

పిల్లల పేలు చూసే పని ప్రతి తరగతికీ ఎవరో ఒక అమ్మ నెత్తిన వేసుకోవాలి. జీతం ఉండదు, మెప్పు అంతకంటే ఉండదు. అందరూ తప్పించుకుంటే లీడా మాత్రం రెండు చేతులూ ఎత్తింది. మెడలో ఈల, చంకలో పుస్తకం, కొప్పులో గుచ్చిన పేలదువ్వెన. ఆవిడ హడావిడి చూసి గేటు దగ్గర సైకిళ్ళు ఆపుకున్న తల్లులు ముసిముసిగా నవ్వుకున్నారు.

“పేనుకు పెత్తనమిస్తే నెత్తంతా గొరిగిందట!” అంది ఒకావిడ.

రోజుకో వరుస. సోమవారం కిటికీ పక్క వరుస. లీడా కొప్పులోంచి దువ్వెన లాగేది, వంగి పాయ పాయా దువ్వి చూసేది, “శుభ్రం!” అని ఈల వేసేది, దువ్వెన మళ్ళీ కొప్పులో గుచ్చేది. ఐదుగురూ శుభ్రం.

మంగళవారం ఆ ఐదుగురూ బరబరా గోక్కుంటున్నారు.

“నిన్న ఒక్కటీ లేదే! రాత్రికి రాత్రి ఊడిపడ్డాయా?” లీడా తెల్లబోయింది. రెండో వరుస చూసింది. శుభ్రం. బుధవారానికి వాళ్ళదీ గోకుడే.

అప్పుడు లీడా చూపు ఆఖరి బల్ల మీద పడింది. అక్కడ ఫెన్నా ఉంది. సోమవారమే చేరిన పిల్ల. రాటర్‌డామ్ నుంచి జర్మనీకి ఇసుక మోసే పడవ మీద అమ్మమ్మ దగ్గర పెరిగింది. పడవ ఆదివారం వెళ్ళిపోయింది, మళ్ళీ శనివారం గానీ రాదు. అందాకా మేనత్త ఇంట్లో మకాం. తల మీద ఉన్ని టోపీ మాత్రం ఒక్క నిమిషం తియ్యదు.

“దాస్తోందంటే ఉన్నట్టే,” అంది లీడా, పిల్లకి వినబడేలాగే. “ఈ వారమే ఇది వచ్చింది, ఈ వారమే పేలొచ్చాయి. ఇంకేం సాక్ష్యం కావాలి మాస్టారూ?”

ఫెన్నాకి ఏడుపొచ్చింది. పడవ మీద తన ఈడు పిల్ల ఒక్కతీ లేదు. పక్కపక్కన పడుకుని గుసగుసలాడుకోవడం ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు. ఆ ఒక్క రాత్రి కోసం సోమవారమే పరుపు చుట్టి మేనత్త గుమ్మం దగ్గర పెట్టుకుంది.

బుధవారమే లీడా మూడో వరుస చూసింది. శుభ్రం. గురువారం వాళ్ళు గోక్కుంటూ ఉండగా ఆఖరి వరుస వంతు వచ్చింది.

“టోపీ తియ్యి.”

“తియ్యను. లోపల అమ్మమ్మ వేసిన జడలున్నాయి. మీరు విప్పేస్తే శనివారం దాకా నాకు వేసేవాళ్ళు లేరు, మేనత్తకి అల్లడం రాదు.”

“జడలో, పేల మేడలో! తియ్యకపోతే రేపు రాత్రి ఇంటికే, ఏమనుకున్నావో!”

ఫెన్నా రెండు చేతులతో టోపీని చెవుల మీదికి లాక్కుని బిగుసుకుపోయింది. లీడా విసుక్కుని మిగతా నలుగురినీ చూసింది. శుభ్రం.

శుక్రవారం గోడ నిండా పట్టికలు. సీబె కాలువలో బాతులు లెక్కపెట్టాడు. వాడి వెనక పిల్ల, ఎవరెవరు చాక్లెట్ పలుకులు చల్లిన రొట్టె తెచ్చుకున్నారో లెక్కపెట్టింది. ఫెన్నా పట్టిక ఇంకా గోడకెక్కలేదు, చుట్టి చేతిలోనే పట్టుకుంది. ఆమె చుట్టూ అందరూ గోక్కుంటున్నారు.

“ఎలాగూ అందరికీ ఉన్నాయి. ఇక ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి కొత్తగా అంటుకునేదేముంది? పడక పడకే!” అన్నారు మాస్టారు.

పిల్లలు ఎగిరి గంతేశారు.

“అందరూ సరే. ఇదంతా తెచ్చిపెట్టిన పిల్లని మాత్రం పంపించెయ్యండి,” అంది లీడా, కొప్పులో దువ్వెన సర్దుకుంటూ.

ఫెన్నా లేచింది. తిన్నగా వెళ్ళి మాస్టారి ముందున్న కుర్చీలో కూర్చుని టోపీ తీసేసింది.

“మీరు విప్పండి మాస్టారూ. మీకు జుట్టు లేదుగా, జాగ్రత్తగా చూస్తారు.”

మాస్టారు నవ్వు ఆపుకుని, తన లావుపాటి వేళ్ళతోనే రెండు జడలూ మెల్లగా విప్పారు. పాయ పాయా చూశారు. కిటికీ వెలుతురులోకి తిప్పి మళ్ళీ చూశారు. పేను లేదు, ఈపి లేదు.

“నా పక్కనే పరుపు వేసుకో,” అన్నాడు సీబె గోక్కుంటూ. “టోపీ మాత్రం తియ్యకే తల్లీ!”

ఫెన్నా నవ్వింది. ఆ వారంలో అదే మొదటిసారి.

“ఇది కాకపోతే మరింకెవరు తెచ్చినట్టు?” లీడా గొంతు లేచింది.

మాస్టారు ఫెన్నా చేతిలో పట్టిక తీసుకుని విప్పారు. పైన పెద్ద అక్షరాలతో ‘ఎవరు ఏ రోజు గోక్కున్నారు’ అని రాసి ఉంది. సోమవారం సున్న. మంగళవారం మొదటి వరుస. బుధవారం రెండోది. గురువారం మూడోది. ఇవాళ నాలుగోది, ఒక్క ఫెన్నా తప్ప.

ఆయన పట్టికని పైనుంచి కిందికి రెండుసార్లు చదివారు. గుండు తడుముకున్నారు. ఫెన్నా లేచిన కుర్చీని ముందుకు జరిపారు.

“లీడా గారూ, ఇలా వచ్చి కూర్చుని, ఆ కొప్పు ఒక్కసారి విప్పుతారా?”