సాగుడు పార్టీ

పాట అయిపోయింది. భూషణం మాండొలిన్ ఆపలేదు.

ముందు వరుసలో కూర్చున్న కమిటీ సెక్రెటరీ గడియారం చూసుకున్నాడు.

బస్తర్‌లో ఇనుప గని కింద ఉన్న ఆ టౌన్‌షిప్‌లో విశ్వకర్మ పూజ రోజు మధ్యాహ్నం పాటల కార్యక్రమం ఉంటుంది. డంపర్లు బాగుచేసే భూషణం, తోటి పనివాళ్లు సీతయ్య, ఉప్పలయ్యలతో కలిసి ఏటా వాయిస్తాడు. సినిమా పాట అందరిలాగే మొదలుపెడతారు. అది చివరికొచ్చాకే వాళ్లకు అసలు హుషారు. మాండొలిన్ ఒక దారి పడుతుంది. సీతయ్య తబలా దాని వెంటపడుతుంది. ఉప్పలయ్య కాంగో డ్రమ్ము ఆ రెంటినీ అడ్డదారి పట్టిస్తుంది. ఎక్కడ తేలతారో వాళ్లకే తెలియదు.

టౌన్‌షిప్ జనం వాళ్లకు సాగుడు పార్టీ అని పేరు పెట్టారు. ముద్దుగా పెట్టిన పేరేం కాదు.

ఈసారి సెక్రెటరీ ముందే తేల్చి చెప్పాడు. పాట అయిన వెంటనే ఆపేయాలి. జనం లేచిపోతే వచ్చే ఏడాది నుంచి క్యాసెట్లే.

భూషణం పట్టుదల భూషణానిది.

"ఒక్కడు చివరిదాకా నిలబడి విన్నా చాలు, వాయిద్దాం," అని స్టేజీ ఎక్కేముందు మిగతా ఇద్దరికీ చెప్పాడు. "ఒక్కడు కూడా లేకపోతే నాకే వద్దు. ఇంక ముట్టుకోను."

అందుకే ఇప్పుడు అతని చూపు తీగల మీద లేదు, కుర్చీల మీద ఉంది.

ఆఫీసర్ల కుటుంబాలు లేచాయి. వర్క్‌షాపు వాళ్లు ప్రసాదం పంచే చోటికి నడిచారు. వెనకనుంచి ఎవరో ఈల వేశారు. మెచ్చుకునే ఈల కాదది.

వెదురు కంచె దగ్గర మాత్రం ఒకడు కదల్లేదు.

తలకు తువ్వాలు, భుజాన గొడ్డలి, మోకాళ్లదాకా బురద. గుట్ట అవతలి ఊరివాడిలా ఉన్నాడు. కళ్లు మూసుకుని వింటున్నాడు. ఆ గొడ్డలి మీద గార్డులు ఓ కన్నేసి ఉంచారు.

భూషణం చూపు అక్కడే ఆగింది. ఒక్కడున్నాడు.

ఇక అతని కోసమే వాయించాడు. మాండొలిన్ ఎన్నడూ పోని చోటికి పోయింది. సీతయ్య వెనకబడి, చెమటలు కక్కుతూ అందుకున్నాడు. కుర్చీలన్నీ ఖాళీ అయినా భూషణానికి పట్టలేదు. ఇంకాసేపు. అతనలాగే నిలబడితే చాలు.

అప్పుడే ఆ మనిషి కళ్లు తెరిచి, చెయ్యెత్తి ఏదో అరిచాడు.

స్పీకర్ల హోరులో భూషణానికి 'ఇంకో' అని వినిపించింది.

ఇది చాలించి ఇంకో పాట వెయ్యమంటున్నాడు!

మళ్లీ అరిచాడు. మళ్లీ అదే మాట. కంచె మీదికి వంగి మరీ అడుగుతున్నాడు. గార్డులు అటు పరుగెత్తారు.

భూషణం చెయ్యి ఆగిపోయింది. తబలా ఒంటరిగా కాస్త మోగి, అదీ ఆగింది.

"ఇంకోటి లేదు," అన్నాడు మైకులో. "అతన్ని పంపించేయండి."

ఆ మనిషి ఎత్తిన చెయ్యి దించాడు. గార్డులు నెడుతుంటే ఎదురు తిరగలేదు. స్టేజీ వైపు తిరిగి తిరిగి చూస్తూ వెళ్లిపోయాడు.

సీతయ్య బతిమాలాడు. ఉప్పలయ్య తిట్టాడు. భూషణం వినలేదు. ఆ ఒక్కడికే విసుగొస్తే ఇక ఎవరి కోసం వాయించాలి? మాండొలిన్ పెట్టెలో పెట్టేశాడు. మరుసటి ఏడు పూజకు క్యాసెట్లు మోగాయి.

ఆ తర్వాత కొన్నాళ్లకు వర్క్‌షాపులో మాసా అనే నడివయసు మనిషి పనిలో చేరాడు. ఊరు గుట్ట అవతల, ఆవపల్లి వైపు. తెలుగు బాగానే మాట్లాడతాడు. ఒకరోజు భూషణం డంపర్ కిందికి దూరబోతూ, జాకీ సరిగ్గా పెట్టావా అని అడిగాడు.

"ఇంగో," అన్నాడు మాసా పరధ్యానంగా.

"ఇంకోటి ఎందుకయ్యా? ఒకటి చాల్దూ?"

మాసా నవ్వాడు. "ఇంకోటి కాదు ఉస్తాద్. ఇంగో. మా మాటల అవునన్నట్టు. పెట్టిన అని చెప్పిన."

భూషణం డంపర్ కిందికి దూరలేదు. ఎవరైనా వాయిస్తున్నప్పుడు ఆ మాట అంటే ఏమిటని అడిగాడు. అడగడానికే భయం వేసింది.

"డోలు కాడ అంటం గద. మంచిగ పోతున్నది, అట్లనే పోనియ్ అని."

భూషణం ఆ రోజు జరిగింది చెప్పాడు. మాసా వెంటనే పోల్చుకున్నాడు. సాగుడు పార్టీ బాజా వినడానికి ఏటా గుట్ట దాటి వచ్చేది తమ పక్క ఊరి లచ్చు ఒక్కడేనట. మాసా అటు వెళ్లి ఏడాది దాటింది.

ఆదివారం ఇద్దరూ బయలుదేరారు. భూషణం మాండొలిన్ కూడా పట్టుకెళ్లాడు. ముందు క్షమించమని అడగాలి, తర్వాత అతను చాలనేదాకా వాయించాలి. దారంతా అదే ఆలోచన.

ఇంటి ముందు ఇప్పపువ్వు ఎండబోస్తున్న లచ్చు భార్య, గంగే అనే ఆమె, తలెత్తి చూసింది. లచ్చు పోయిన వానల్లో జ్వరమొచ్చి చనిపోయాడని మాసాతో చెప్పింది.

భూషణం మాండొలిన్ గోడకు ఆనించాడు. తన మీద అతనికి కోపం ఉండేదేమో అడగమన్నాడు.

గంగే నెమ్మదిగా ఏదో చెప్పింది.

"ఏమందయ్యా?"

"కోపం లేదంట ఉస్తాద్. ఈ చుట్టుపక్కల డోళ్లోళ్లు లచ్చు ముందర నిలబడి ఇంగో అంటెనే ఆపకుంట వాయించేటోళ్లంట," అన్నాడు మాసా. "మీ కాడ తన నోటితోనే బాజా ఆగిందని, అప్పటిసంది ఏ డోలు కాడ గూడ నోరు తెరవలేదంట."