బోను తలుపు

కొబ్బరిముక్కకు ఆశపడి ఎలుక బోనులో పడింది. "కోడక్కా, కాస్త తలుపు ఎత్తవూ? అమ్మగారు చూస్తే నన్ను నీళ్లలో ముంచేస్తారు" అని ఏడ్చింది.

"దొంగతనం తప్పు కదే! నన్ను చూడు, ఎండబోసిన బియ్యం అందరూ చూస్తుండగానే తింటాను" అంది కోడి.

"నేనైతే వంటింటి గడపే దాటను. గిన్నె బయట పెడితేనే మూతి పెడతాను" అంది కుక్క.

అప్పుడే పిల్లి వచ్చింది. "మీకు బొత్తిగా జాలి లేదర్రా! బోనులో పడ్డదాన్ని తినడం కూడా పాపమే. ముందు దాన్ని బయటికి రానివ్వండి" అని కళ్లు తుడుచుకుంది.

"ఎంత మంచి మనసు!" అని కోడి తలుపు ఎత్తబోయింది.

ఎలుక ఆ తలుపును గోళ్లతో గట్టిగా పట్టుకుని, "అమ్మగారూ! ఒకసారి ఇలా రండి!" అని అరిచింది.