సంతకం పెట్టని కాగితం

"దేవుడి గదిలో దీపం పెట్టారా అమ్మా?"

ఆ ముసలాయన అలా అడగడం అది మూడోసారి.

"లేదండీ," అంది రాజ్యలక్ష్మి, ఆయన మొహంలోకి చూడకుండా.

భవానీపురంలో వాళ్ళ ఇల్లు కాలి నాలుగు రోజులైంది. హాలు, దేవుడి గది బొగ్గయిపోయాయి. మొగుడూ పెళ్ళాలు వంటగదిలో చాపలు పరుచుకుని పడుకుంటున్నారు. ఇల్లు మళ్ళీ నిలబడాలంటే, బ్యాంకు లోను తీసుకున్నప్పుడు చేయించిన ఇన్సూరెన్సే దిక్కు.

నష్టం చూసి రాయడానికి కంపెనీ పంపిన సర్వేయరు ఈ బసవపున్నయ్య. సిటీ బస్సు దిగి నడిచి వచ్చాడు. రాగానే గ్లాసు మంచినీళ్ళు అడిగి తాగాడు.

నిజానికి రాజ్యలక్ష్మి దీపం పెట్టింది. కార్తీక సోమవారం కదా, తెల్లారకముందే వెలిగించి, మొగుడితో కలిసి కృష్ణలో స్నానానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కిటికీల్లోంచి మంటలు.

కానీ దేవుడికి పెట్టిన దీపమే కొంప కాల్చిందని ఏ ఇల్లాలు నోటితో చెబుతుంది?

పైగా గవర్నర్‌పేటలో వాళ్ళ పుస్తకాల షాపు పక్కన టార్చిలైట్లు అమ్మే జక్కయ్య ఆమె భర్తని ముందే హెచ్చరించాడు.

"దీపం అన్నారంటే మీ నిర్లక్ష్యం అంటారు కృష్ణారావు గారూ. పైసా రాదు. షార్ట్ సర్క్యూట్ అనండి. వాళ్ళ కాగితాల మీద మాత్రం సంతకం పెట్టొద్దు."

బసవపున్నయ్య వంగి, బూడిదలోంచి ఇత్తడి కుంది బయటికి తీశాడు.

"మరి ఇదేంటమ్మా?"

రాజ్యలక్ష్మి తల దించుకుంది. ఆమె భర్త వెంకటకృష్ణారావుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు! షార్ట్ సర్క్యూట్ అని చెప్పాంగా. ఆడమనిషి నోట మాట లాగి మా డబ్బు ఎగ్గొడదామనా?"

"అది కాదండీ, పాలసీలో..."

"మీరింక దయచేయండి!"

ఆయన ఓ కాగితం మీద ఏదో రాసి మడిచాడు. కుందిని జేబురుమాలుతో శుభ్రంగా తుడిచాడు. రెండూ రాజ్యలక్ష్మి చేతిలో పెట్టాడు.

"సారు కోపం తగ్గాక ఒక్కసారి చదవమనండమ్మా. రేపొస్తాను."

ఆ కుంది చూస్తేనే ఆవిడకి ఏడుపొచ్చింది. కాగితంతో పాటు పాతగుడ్డలో చుట్టి అటక మీదికి నెట్టేసింది.

సాయంత్రం జక్కయ్య చెబుతుంటే వెంకటకృష్ణారావు కంపెనీకి ఈమెయిల్లో ఫిర్యాదు రాశాడు, సర్వేయరు లంచం అడిగాడని. పాపం, ఆ ఇంట్లో ఆయన అడిగింది గ్లాసు మంచినీళ్ళే.

మర్నాడు బసవపున్నయ్య రాలేదు. వారం తర్వాత కొత్త సర్వేయరు వచ్చాడు. నవ్వు మొహం. కాఫీ తాగి, షార్ట్ సర్క్యూట్ అంటే షార్ట్ సర్క్యూట్ అనే రాసుకున్నాడు.

"మనిషంటే ఇలా ఉండాలి," అన్నాడు వెంకటకృష్ణారావు.

రెండు నెలలకి ఉత్తరం వచ్చింది. క్లెయిము తిరస్కరించారు.

మంటలు లేచిన వేళకి, లైన్ల పని ఉండి ఆ వీధిలో కరెంటే లేదట. స్నానానికి వెళ్ళినవాళ్ళకి ఆ సంగతి తెలీదు. అబద్ధం చెప్పారు కాబట్టి పైసా ఇవ్వరట.

వెంకటకృష్ణారావు దిక్కుతోచక బసవపున్నయ్యకి ఫోన్ చేశాడు. ఆయన కూతురు ఎత్తింది.

"నాన్నగారు సర్వేలు మానేశారండీ. ముప్పై ఏళ్ళలో ఎవరి చేతా మాట పడలేదు. ఈమధ్య ఆయన లంచం అడిగారని ఎవరో రాశారంట. ఇంతకీ మీరెవరండీ?"

పేరు చెప్పకుండానే వెంకటకృష్ణారావు ఫోన్ పెట్టేశాడు.

రాజ్యలక్ష్మి అటక మీది మూట దింపింది. మడత విప్పి చదివింది.

"మేము వెలిగించిన దీపం ప్రమాదవశాత్తూ ఒరిగి మంటలు లేచాయి. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు."

ఆ కింద సంతకానికి వదిలిన ఖాళీ అలాగే ఉంది.

దాని పక్కనే చిన్న అక్షరాలతో బసవపున్నయ్య రాశాడు: "భయపడకండమ్మా, దీపం వల్ల కాలినా పాలసీ వర్తిస్తుంది, ఇక్కడ సంతకం పెట్టండి చాలు, మీకు రావలసింది ఇప్పించే పూచీ నాది."