పేరు లేని కాగితం

"పేర్లు రాయొద్దన్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఒక్కళ్ళూ నిజం రాసేవాళ్ళు కాదు," అంది క్లాసంతా పిచ్చుక అని పిలిచే అమ్మాయి, సర్వే కాగితాల కట్ట విప్పుతూ.

మహమ్మారి గురించి వైద్య కాలేజీలో విద్యార్థులకీ డాక్టర్లకీ ఎంత తెలుసు, ఏమనుకుంటున్నారు అని ప్రొఫెసరమ్మ చేయిస్తున్న సర్వే అది. నూట పద్దెనిమిది కాగితాలు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే పని పిచ్చుకకీ, ఆమె క్లాస్‌మేట్ బక్కోడికీ పడింది.

పిచ్చుకది మూడేళ్లుగా రెండో ర్యాంకు. మొదటిది ప్రొఫెసరమ్మ కూతురిది. ఆ అమ్మాయికి పిచ్చుక పెట్టిన పేరు మహారాణి. ప్రొఫెసర్లు దిగినా వార్డులో మనుషులు చాలట్లేదు, విద్యార్థులెవరైనా వస్తారా అని అడిగినప్పుడు మొదట చెయ్యెత్తింది మహారాణే. మర్నాడే నోటీసు బోర్డులో ఫొటో. పిచ్చుకా ఎత్తింది. రెండో చేతిని ఎవరు చూస్తారు?

"నాకేమో ఉబ్బసమని పేరు కొట్టేశారు. ఆ మహారాణికి విగ్రహం పెట్టడమొక్కటే తక్కువ."

"నీకు కుళ్ళు," అన్నాడు బక్కోడు.

"ఉంటే ఉంది. వాళ్ళమ్మ ప్రొఫెసరు కాకపోతే ఆ ఫొటో ఎక్కేదా?"

ఎనభయ్యో కాగితమో ఏమో, పిచ్చుక చెయ్యి ఆగిపోయింది. కొమ్ములన్నీ కొక్కేల్లా వంకర తిరిగిన అక్షరాలు. మూడేళ్లుగా మహారాణి నోట్సు జిరాక్సు తీయించుకుని చదువుతోంది. ఆ కొక్కేల్ని కలలో చూసినా గుర్తుపడుతుంది.

వార్డు డ్యూటీ మీద మీ అభిప్రాయం అన్నచోట ఇలా ఉంది: 'పైకి నవ్వుతున్నాను. లోపల ఒకటే వణుకు. ఈ డ్యూటీ ఎవరైనా మాన్పిస్తే వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెడతాను. బయటికి చెప్పుకోవాలంటే సిగ్గు.'

పిచ్చుక ఫోన్ తీసింది.

"వద్దు పిచ్చుకా! పేర్లు లేకుండా రాయించింది ఇందుకా?" అన్నాడు బక్కోడు.

అప్పటికే ఫొటో క్లాసు గ్రూపులోకి వెళ్ళిపోయింది. కింద ఒక్క మాట: 'ఈ వీరవనిత ఎవరో?' అయిదు నిమిషాల్లో నవ్వు బొమ్మలు బిలబిలమంటూ వచ్చిపడ్డాయి. పిచ్చుక కడుపుమంట చల్లారింది.

మధ్యాహ్నం డ్యూటీ దిగి మహారాణి క్యాంటీన్‌కి వచ్చింది. ముక్కు మీదా బుగ్గల మీదా మాస్కు ఒరుసుకున్న ఎర్రటి చారలు. కూచుని ఫోన్ తెరిచింది. ఆ ఫొటోని పెద్దది చేసి చాలాసేపు చూసింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు.

"నీదేనా?" అడిగింది పిచ్చుక, ఏమీ ఎరగనట్టు.

మహారాణి తలెత్తింది. కళ్ళలో నీళ్ళు.

"నాదే. నేనే రాశాను. ఇంకెవర్నీ అడక్కండి."

"మరి రేపు డ్యూటీకి?"

"వెళ్తాను."

అంతే. తినకుండానే లేచి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి నోటీసు బోర్డులో ఆమె ఫొటో కింద ఎవరో పెన్నుతో 'వణుకు రాణి' అని రాసేశారు. పిచ్చుక దాని ముందు నిలబడి నవ్వుదామనుకుంది. ఎందుకో నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున్నే ప్రొఫెసరమ్మ గదికి రమ్మని కబురొచ్చింది. బల్ల మీద ఆ కాగితం.

"గ్రూపులో పెట్టింది నువ్వేనా?"

"తప్పే మేడమ్. కానీ అబద్ధం కాదు. తనే ఒప్పుకుంది."

ప్రొఫెసరమ్మ కళ్ళజోడు తీసింది. "ఒప్పుకుందా? అందరి ముందూనా?"

"అవును మేడమ్. క్యాంటీన్లో."

ప్రొఫెసరమ్మ కొంగుతో అద్దాలు తుడుస్తోంది, తుడిచినవే మళ్ళీ మళ్ళీ.

"నాతో చెప్పనేలేదు," అంది చివరికి. "దానిదని ఎలా గుర్తుపట్టావమ్మా?"

"అక్షరాలు మేడమ్. ఆ కొమ్ములు తను తప్ప ఎవరూ అలా రాయరు."

"దానికి చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది నేను."

పిచ్చుకకి అర్థం కాలేదు.

"ఆ కాగితం రాసిందీ నేనే."