ప్లాంటు తాగిన గంజి

సత్యవేణి అన్నం వార్చి, గంజి గిన్నె మీద మూతపెట్టి, చప్పుడు చెయ్యకుండా పెరటి గుమ్మం వైపు నడిచింది. ఈరోజే హెడ్‌మిస్ట్రెస్‌గా చేరాలి. మంగళగిరి చీరకు గంజి పెట్టి ఎన్నాళ్లయిందో!

"అమ్మా, గంజి ఇటు పోయండి," అంది వంటింటి సింకు. "ప్లాంటులో సూక్ష్మజీవులు ఆకలితో ఉన్నాయి."

మురుగునీటి ప్లాంటు పనితీరు పెంచాలని మునిసిపాలిటీ ఇంటింటికీ ఈ మాట్లాడే సింకులు బిగించింది. మురుగును తినే సూక్ష్మజీవులకు గంజి పడితేనే చురుకట. అన్నం వార్చాక గంజి పొయ్యకపోతే ఇంట్లో కుళాయిలు ఆగిపోతాయి. బజార్లో గంజిపొడి కూడా ప్లాంటుకే పోతోంది.

"ఈ ఒక్కరోజుకీ వదిలెయ్యవే తల్లీ," అని బతిమాలింది సత్యవేణి.

కుళాయి ఆగిపోయింది. స్నానాలగదిలోంచి భర్త భాస్కరం కేకేశాడు. "ఒళ్లంతా సబ్బే! ముందా గంజి దాని మొహాన కొట్టవే!"

"మీ సబ్బు గొడవ మీదే గానీ, నా చీర ఎవడిక్కావాలి!" అంటూ గిన్నె విసురుగా సింకులో వంచేసింది.

కుళాయిలు బుస్సుమన్నాయి. సింకు గొంతు తియ్యనైంది.

"ధన్యవాదాలమ్మా. మన ప్లాంటు జిల్లాలో ప్రథమ స్థానంలో నిలిచింది. గంజి దాతలకు సాయంత్రం సన్మానం. ఆడవాళ్లంతా ఫెళఫెళలాడే నేత చీరల్లో రావాలని మనవి."

సత్యవేణి మెత్తటి మంగళగిరి చీరను ఉండచుట్టి, ఆ సింకు నోట్లో గొంతుదాకా కుక్కింది.